ఉప్పు బిళ్లలోంచి యూరోపా

ఆగస్టు నెలలో కేబీఆర్ బిళ్ల వేయాలంటే మా ల్యాబులో ఎవరికైనా విసుగే. ఓవెన్‌లో ఆరబెట్టిన పొటాషియం బ్రోమైడ్ అనే ఉప్పుని (కేబీఆర్ అంటే అదే) తేమ చొరని డెసికేటర్ జాడీలోంచి తీసి, అగేట్ కల్వంలో వేసి, ఒకటి రెండు మిల్లీగ్రాముల శాంపిల్ కలిపి మెత్తగా నూరాలి. డైలో పోసి ప్రెస్ కింద నొక్కితే పలచటి గాజు ముక్కలాంటి బిళ్ల దిగుతుంది. దాన్ని ఎఫ్‌టీఐఆర్‌లో, అంటే పరారుణ కాంతితో (ఐఆర్) పదార్థాన్ని గుర్తుపట్టే మెషీన్‌లో, పెట్టి స్కాన్ నొక్కితే నిమిషంలో గీత వచ్చేస్తుంది. వినడానికి ఇంతే. బయట ముసురు పట్టిందంటే మాత్రం, నూరే ఆ కాసేపట్లోనే పొడి గాలిలో తడంతా తాగేస్తుంది. బిళ్ల ఆవిరి పట్టిన కళ్లద్దంలా మసకమసగ్గా వస్తుంది.

హైదరాబాద్ శివార్లలో బల్క్ డ్రగ్స్ తయారుచేసే ఓ కంపెనీలో నేను క్వాలిటీ కంట్రోల్‌కి చేరిన రెండో ఏడు, ఇలాంటి ఓ వానరోజునే, ఒక బ్యాచ్ గీతలో 3400 దగ్గర (సెంటీమీటరుకి ఇన్ని తరంగాలని మా లెక్క) పెద్ద గూని కనబడింది. ఐఆర్ చూసే వాళ్లందరికీ ఆ గూని తెలుసు. అది నీళ్లు. మా సీనియర్ ఒక్క చూపు చూసి, "డ్రైయింగ్ సరిగ్గా చేయలేదు, మందు హైడ్రేట్ అయిపోయింది" అన్నాడు. నేను అదే రాసి సంతకం పెట్టాను. బ్యాచ్ ఆగిపోయింది. ప్రొడక్షన్ వాళ్లు పైకొచ్చి గొడవ. తేమ కొలిచే కార్ల్ ఫిషర్ పరీక్ష పెట్టి చూస్తే తేమ లిమిట్ లోపలే ఉంది. రెండు రోజులు ఒకరి మీద ఒకరం చెప్పుకున్నాక ఎవరికో బుద్ధి పుట్టి మందు కలపకుండా ఉత్త కేబీఆర్ బిళ్ల వేసి స్కాన్ చేశారు. అదే గూని, అక్కడే.

నీళ్లు మందులో లేవు. బిళ్లలో ఉన్నాయి.

తర్వాత చాలాకాలం దాని గురించి ఆలోచించాను. గీత అబద్ధం చెప్పలేదు. నీళ్లున్నాయంది, ఉన్నాయి. ఎవరి నీళ్లో అది చెప్పలేదు, మేం అడగలేదు. మిగతా కథంతా మేం అల్లుకున్నది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మొన్న మా అక్క కూతురు ఫోన్ పట్టుకొచ్చి ఒక వీడియో చూపించింది. పదో తరగతి చదువుతోంది. గురుగ్రహపు చందమామ యూరోపా మీద ఉప్పు కనుగొన్నారట. వీడియోలో కుర్రాడు గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోతున్నాడు. అది సగంలో ఆపేసి అడిగింది, "మామయ్యా, అక్కడికి ఇంతవరకు ఎవరూ దిగలేదు కదా. ఉప్పని ఎలా తెలిసింది? ఎవరు నాకి చూశారు?"

నవ్వేశాను గానీ, యాభై ఏళ్లుగా ఈ రంగంలో ఉన్న పెద్ద పెద్దవాళ్లు కొట్టుకుంటున్నది సరిగ్గా ఆ ప్రశ్న మీదే. ఈ వ్యాసం దానికి జవాబు. కొంచెం పోట్లాట కూడా. నా పోట్లాట 'కనుగొన్నారు' అనే మాటతో.

ముందు పని ఎలా జరుగుతుందో చెప్పాలి. యూరోపా మీద పడ్డ ఎండ తిరిగి పైకి ఎగురుతుంది. ఆ కాంతిని తరంగదైర్ఘ్యాల వారీగా విడదీసి ఎక్కడ ఎంత తగ్గిందో గీస్తే వర్ణపటం. అణువుల బంధాలు వాటికి నచ్చిన చోట కాంతిని మింగుతాయి, అక్కడ గీత లోయలా దిగుతుంది. నీటి మంచుకైతే 1.5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దగ్గర ఒకటి, 2 మైక్రాన్ల దగ్గర ఒకటి, పెద్ద లోయలు. మా మెషీన్‌లో 3400 దగ్గర కనబడే గూనిని (మేం మింగిన కాంతిని గీస్తాం గనక లోయ గూనిలా కనబడుతుంది) మైక్రాన్లలోకి మారిస్తే దాదాపు 3. అంటే 60 కోట్ల కిలోమీటర్ల అవతలి చందమామ మీద చూసేదీ, మా బెంచి మీద చూసేదీ ఒకే ఆక్సిజన్, హైడ్రోజన్ బంధం ఊగడమే. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఖగోళ శాస్త్రవేత్త జెరార్డ్ కైపర్ 1950లలోనే యూరోపా మీద, గురుడి ఇంకో చందమామ గానిమీడ్ మీద మంచు ఉందని అనుమానించాడు. 1972లో పిల్చర్, రిడ్జ్‌వే, మెక్‌కార్డ్ అనే ముగ్గురు భూమ్మీది టెలిస్కోపుతో ఆ లోయలు చూసి, ఔను నీటి మంచే అని ఖాయం చేశారు. ఇందులో ఎవరికీ పేచీ లేదు. మంచు అంత బిగ్గరగా మాట్లాడుతుంది. చిక్కంతా మంచు కాని దానితో. యూరోపా ఫొటో చూసినవాళ్లకు తెలుసు, తెల్లటి బంతి మీద ఎవరో గోరింటాకు చేత్తో గీరినట్టు గోధుమ, ఎరుపు చారలుంటాయి. 1979లో వాయేజర్ నౌకలు పంపిన బొమ్మల్లోనే అవి కనబడ్డాయి. ఆ చారలు దేనివి?

నాసా వారి గెలీలియో నౌక 1989లో బయల్దేరి 1995 డిసెంబరులో గురుడిని చేరింది. దారిలోనే పెద్ద యాంటెన్నా గొడుగులా సగం విప్పుకుని ఇరుక్కుపోయింది. సెకనుకు 134 కిలోబిట్లు పంపాల్సింది, చిన్న యాంటెన్నాతో 160 బిట్లు దాటలేదు. అయినా ఆ సన్నటి ధార గుండానే ఎనిమిదేళ్ల సమాచారం వచ్చింది. దాని మీదున్న పరారుణ వర్ణపటమాపకం పేరు నిమ్స్. మనకు నిమ్స్ అంటే పంజాగుట్ట ఆసుపత్రే గుర్తొస్తుంది, ఇది వేరు. 0.7 నుంచి 5.2 మైక్రాన్ల వరకు చూసేది. చాలా పటాల్లో దాని ఒక్కో చుక్క కింద కిలోమీటర్ల కొద్దీ నేల ఉండేది. అంటే ఆ చుక్కలో పగులూ, మైదానమూ, గుట్టా అన్నీ కలిసిపోయి ఒకే గీతగా వచ్చేవి.

ఎర్ర ప్రాంతాల మీద నిమ్స్ చూసిన గీతలో మంచు లోయలు ఉన్నాయి, కానీ వంకరపోయాయి. సౌష్ఠవం లేదు. లోయలు ఒక పక్కకి ఒరిగిపోయి, అడుగు వెడల్పయిపోయింది. 1998లో మెక్‌కార్డ్ జట్టు (1972 మెక్‌కార్డే) ఇవి నీళ్లు పట్టుకున్న లవణాలు అని ప్రకటించింది. మెగ్నీషియం సల్ఫేట్, సోడియం కార్బొనేట్ లాంటివి. మెగ్నీషియం సల్ఫేట్ అంటే ఏదో అపురూపమైన పదార్థం కాదు. పత్తి ఆకులు ఎర్రబడితే పిచికారీకి మన ఎరువుల కొట్లో సంచుల్లో అమ్మేదే. యూరోపా అడుగున సముద్రం ఉందన్న అనుమానం అప్పటికే బలంగా ఉంది. ఆ సముద్రం ఉప్పే పగుళ్లలోంచి పైకి ఊరి గడ్డకట్టిందని కథ చక్కగా కుదిరింది.

మరుసటి ఏడాది అదే నిమ్స్ బృందానికి పెద్ద అయిన రాబర్ట్ కార్ల్‌సన్, తన సహచరులతో కలిసి ఇంకో వ్యాసం వేశాడు. అవే గీతలు. జవాబు మాత్రం వేరు. అది లవణం కాదు, నీళ్లు పట్టుకున్న సల్ఫ్యూరిక్ ఆమ్లం అన్నాడు. కథ కూడా వేరు. పక్కనున్న గురుడి మరో చందమామ అయో అగ్నిపర్వతాల మయం. సెకనుకు టన్ను లెక్కన గంధకం, ఆక్సిజన్ లాంటివి అక్కణ్ణించి అంతరిక్షంలోకి లేచి గురుడి అయస్కాంత క్షేత్రంలో చిక్కుకుంటాయి. ఆ క్షేత్రం గురుడితోపాటు పది గంటలకోసారి తిరుగుతుంది. యూరోపాకి ఒక చుట్టుకి మూడున్నర రోజులు పడుతుంది. అంచేత ఆ కణాలన్నీ వెనకనుంచి వచ్చి యూరోపా వీపుకి తగులుతాయి. వానలో రింగురోడ్డు మీద మెల్లగా పోయే స్కూటరు వీపంతా లారీలు బురద చిమ్మినట్టు. ఆ గంధకం మంచుతో కలిసి, రేడియేషన్‌లో ఉడికి ఆమ్లమవుతుంది. నిజంగానే ఎరుపు ఆ వెనక ముఖం మీదే ఎక్కువ.

ఒకే పరికరం, ఒకే సమాచారం, ఏడాది తేడాలో రెండు జవాబులు. పైగా రెండూ ఒకే వైపు ఒరిగేవి కావు. లవణమైతే అది సముద్రం లోపల్నుంచి పైకి పంపిన కబురు. ఆమ్లమైతే పొరుగింటి పొగ వచ్చి గోడకి పట్టిన మసి, సముద్రం గురించి అది ఒక్క ముక్క చెప్పదు.

ఎందుకిలా అయిందో మా బిళ్ల సంగతి తెలిసినవాళ్లకి ఈపాటికి అర్థమై ఉంటుంది. ఆ వంకర లోయలు లవణానివీ కావు, ఆమ్లానివీ కావు. నీళ్లవి. నీటి అణువు మంచులో ఉంటే ఒకలా ఊగుతుంది, దేన్నైనా అంటిపెట్టుకుని ఉంటే ఇంకోలా ఊగుతుంది. అది అంటిపెట్టుకున్నది మెగ్నీషియం సల్ఫేట్‌నైనా, ఆమ్లాన్నైనా, ఆ తరంగాల దగ్గర ఊగే తీరు దాదాపు ఒకటే. నిమ్స్ విన్నది నీళ్ల గొంతు. ఆ నీళ్లు ఎవరింట్లో ఉన్నాయో మనుషులు ఊహించారు. మా సీనియర్ చేసింది అదే, నేను సంతకం పెట్టింది దాని మీదే.

ఇంకో సంగతి చెబితే నవ్వొస్తుంది. బ్రాడ్ డాల్టన్ అనే శాస్త్రవేత్త బ్యాక్టీరియాను యూరోపా చలికి గడ్డకట్టించి వర్ణపటం తీసి 2003లో ప్రచురించాడు. వాటిలో ఒకటి మన పేగుల్లో ఉండే ఈ.కోలి. ఆ గీత కూడా యూరోపా గీతకు బాగానే సరిపోయింది. కారణం మళ్లీ అదే, కణంలో నిండా అంటిపెట్టుకున్న నీళ్లుంటాయి. గీతలు పోలాయి కాబట్టి దొరికినట్టే అనుకుంటే, యూరోపా మీద ఈ.కోలిని కూడా కనుగొన్నట్టే మరి.

చలి సంగతి కూడా చిన్నది కాదు. యూరోపా నేల సున్నాకి 160, 170 డిగ్రీలు దిగువన ఉంటుంది. గది వేడిలో తీసిన లవణాల గీతల్లో లోయలు మొద్దుగా, కలిసిపోయి ఉంటాయి. అదే లవణాన్ని ఆ చలికి తీసుకెళితే లోయల అడుగున సన్నసన్న గాట్లు విడివిడిగా తేలతాయి. అంటే పోల్చడానికి మన దగ్గరున్న గీతల లైబ్రరీయే తప్పు. వేసవిలో తీసిన ఫొటోతో చలికాలంలో దుప్పటి కప్పుకున్న మనిషిని పోల్చి చూడటం లాంటిది. డాల్టన్ లాంటివాళ్లు చలిగదుల్లో కూర్చుని ఒక్కో లవణాన్నీ మళ్లీ కొలిచాక తేలింది ఏమిటంటే, ఏ ఒక్కటీ ఒంటరిగా సరిపోదు. ఆమ్లం, లవణాలు, మంచు కలిపిన మిశ్రమమైతేనే గీత దగ్గరికొస్తుంది. మిశ్రమం అన్నాక ఎన్ని పాళ్లలోనైనా కలపొచ్చు, ఎన్నో పాళ్లు సరిపోతాయి.

రేణువు పరిమాణం ఇంకో తలనొప్పి. రాళ్లుప్పుని చూడండి, కాస్త బూడిదరంగులో మసగ్గా ఉంటుంది. అదే ఉప్పుని దంచితే తెల్లగా మెరుస్తుంది. పదార్థం మారలేదు, గింజ చిన్నదైంది. మంచూ అంతే. పెద్ద గింజలో కాంతి ఎక్కువ దూరం ప్రయాణించి ఎక్కువ మింగబడుతుంది, లోయ లోతవుతుంది. లోయ లోతుగా ఉంది కాబట్టి మంచు ఎక్కువుంది అనేవాడు గింజ సంగతి మరిచినట్టే.

ఇక మా మేనకోడలు అడిగిన ఉప్పు. మామూలు వంట ఉప్పు, సోడియం క్లోరైడ్.

నా వ్యాసం మొత్తానికి ఇదే ఆయువుపట్టు. మేం శాంపిల్‌ని పొటాషియం బ్రోమైడ్‌లో ఎందుకు కలుపుతాం? అది పరారుణానికి కనబడదు గనక. సోడియం క్లోరైడూ దానికి అన్నదమ్ముడే. నా ఎమ్మెస్సీ రోజుల్లో ద్రవాల ఐఆర్ తీయడానికి ఉప్పు పలకలే వాడేవాళ్లం, రెండు పలకల మధ్య బొట్టు వేసి. నీళ్లతో కడిగితే కరిగిపోతాయని మా సార్ ఒకటికి పదిసార్లు చెప్పేవారు, అయినా ఏడాదికొకడైనా కడిగేవాడు. అంటే పరారుణం వాడే ప్రతి ల్యాబులోనూ ఉప్పు కిటికీ అద్దం. కిటికీ అద్దాన్ని కిటికీలోంచి చూసి వెతకలేం. యూరోపా మీద గుట్టల కొద్దీ ఉప్పున్నా నిమ్స్ కంటికి అది ఆననే ఆనదు.

2013లో మైక్ బ్రౌన్, కెవిన్ హ్యాండ్ హవాయిలోని కెక్ టెలిస్కోపుతో, నిమ్స్ కంటే ఎంతో నిశితంగా గీతను విడదీసి చూశారు. మెగ్నీషియం సల్ఫేట్‌లా అనిపించే చిన్న గాటు 2.07 మైక్రాన్ల దగ్గర కనబడింది. కానీ వెనక ముఖం మీద మాత్రమే, గంధకం కురిసే చోట. సముద్రంలోంచి వచ్చిందయితే అన్ని వైపులా ఉండాలి కదా. అంచేత, సముద్రం నుంచి వచ్చింది క్లోరైడు అయ్యుండొచ్చు, వెనక ముఖం మీద పడ్డ గంధకం దాన్ని సల్ఫేటుగా మార్చి ఉండొచ్చు అని వాదించారు. మరి ఆ క్లోరైడు ఏది? పరారుణంలో కనబడదు.

కనబడేలా చేసింది ప్రయోగశాల. కెవిన్ హ్యాండ్, కార్ల్‌సన్ (ఆమ్లం కార్ల్‌సనే) మామూలు ఉప్పును శూన్యపు గదిలో యూరోపా చలికి తీసుకెళ్లి ఎలక్ట్రాన్లతో కొట్టారు. కొన్ని పదుల గంటల్లో, అంటే యూరోపా లెక్కన వందేళ్ల దాకా అన్నమాట, తెల్లటి ఉప్పు పసుపు కలిసిన గోధుమరంగుకి తిరిగింది. స్ఫటికంలో ఒక క్లోరిన్ ఎగిరిపోయిన ఖాళీలో ఎలక్ట్రాన్ ఇరుక్కుని కూర్చుంటుంది. అది నీలం కాంతిని, 450 నానోమీటర్ల దగ్గర, మింగుతుంది. నీలం పోతే మిగిలేది పసుపే. 2015లో ఇది అచ్చయింది. 2019లో సమంతా ట్రంబో, బ్రౌన్, హ్యాండ్ హబుల్ టెలిస్కోపుతో యూరోపాని మామూలు వెలుగులో చూసి సరిగ్గా 450 దగ్గర లోయ ఉందని చూపించారు. వెనక ముఖం మీద కాదు, గంధకం పెద్దగా పడని ముందు ముఖం మీద, తారా రెజియో అనే చోట. అక్కడ మంచు పలకలు విరిగి, అటూ ఇటూ జరిగి మళ్లీ గడ్డకట్టినట్టుంటాయి. 2022లో 230 నానోమీటర్ల దగ్గర, అతినీలలోహితంలో, దీనికి జోడీ లోయ కూడా దొరికింది. రెండు వేర్వేరు చోట్ల ఒకే మనిషి వేలిముద్ర పడ్డట్టు. 2023లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు అదే తారా రెజియోలో కార్బన్ డయాక్సైడ్ పోగుపడి ఉందని చూపించింది. అది అక్కడ ఎక్కువకాలం నిలవదు, అంటే ఈమధ్యే లోపల్నుంచి వచ్చి ఉండాలి.

చూడండి మరి. అంత దూరం వెళ్లిన నౌక చెప్పలేనిది, భూమి చుట్టూ తిరిగే టెలిస్కోపు చెప్పింది. టెలిస్కోపుకి ఎక్కడ చూడాలో చెప్పింది, ఒక గదిలో ఉప్పు మీద ఎలక్ట్రాన్లు కొట్టినవాళ్లు. ఆ పసుపు 1979 నుంచీ ఫొటోల్లో మన కళ్ల ముందే ఉంది.

అందుకే 'కనుగొన్నారు' అంటే నాకు పడదు. వర్ణపటం సాక్షి లాంటిది. ఏం చూసిందో అది చెబుతుంది, ఏం అడిగామో దానికే జవాబిస్తుంది. తీర్పు చెప్పేది మనం. మా ఇండస్ట్రీలో ఐడెంటిటీ టెస్ట్ ఒక్క ఐఆర్‌తో వదిలేయం, రిఫరెన్స్ స్టాండర్డ్ పక్కనే పెట్టి స్కాన్ చేస్తాం, వేరే పద్ధతిలో ఇంకోటి చేస్తాం. నాలుగు రూపాయల మాత్రకి ఇంత చేసేవాళ్లం, ఒక చందమామకి ఒక్క గీత చాలంటే ఎలా?

ఇది అమెరికావాళ్ల గొడవే అనుకోకండి. 2008 అక్టోబర్ 22న శ్రీహరికోట నుంచి వెళ్లిన చంద్రయాన్-1 మీద నాసా ఇచ్చిన వర్ణపటమాపకం ఒకటుండేది, ఎం-క్యూబ్ అంటారు. 2009 సెప్టెంబరులో దాని ఫలితాలొచ్చాయి. చంద్రుడి మీద నీళ్లు అని మన పేపర్లన్నీ పతాక శీర్షికలు పెట్టాయి. నేనూ మురిసిపోయాను. అసలు అది చూసింది 3 మైక్రాన్ల పక్కన ఒక లోయ. మా గూని ఉండే చోటే. పరికరం చూపు 3 దగ్గరే ఆగిపోతుంది. అక్కడ ఆక్సిజన్, హైడ్రోజన్ బంధం ఉందని తెలుస్తుంది గానీ, అది పూర్తి నీటి అణువుదో, రాతికి అతుక్కున్న హైడ్రాక్సిల్‌దో (ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ జంట) చెప్పలేం. పరిశోధకులు వ్యాసంలో రెండు పేర్లూ జాగ్రత్తగానే రాశారు, శీర్షికల్లో ఒకటే మిగిలింది. విడదీయాలంటే 6 మైక్రాన్ల దగ్గర చూడాలి, అక్కడ నీటి అణువు మాత్రమే మడత పడుతూ కాంతిని మింగుతుంది. మా మెషీన్ లెక్కలో అది 1640 దగ్గరి పీక్. విమానంలో అమర్చిన సోఫియా టెలిస్కోపు అక్కడ చూసి, క్లావియస్ అనే బిలం దగ్గర నీటి అణువే ఉందని చెప్పేసరికి 2020 వచ్చింది. పదకొండేళ్లు. ఆ పదకొండేళ్లూ ఎవరూ మోసం చేయలేదు. ఒక ప్రశ్నకి రెండో సాక్షి వచ్చేదాకా పట్టిన కాలం అది.

నాతో వాదించేవాళ్లు ఒక మాట అంటారు. మెక్‌కార్డ్ ధైర్యం చేసి లవణం అనకపోతే కార్ల్‌సన్ కాదు ఆమ్లం అనేవాడా, డాల్టన్ చలిగదిలో కూర్చునేవాడా? ఒప్పుకుంటాను. తప్పయినా సరే గట్టిగా అన్న మాటే పని పుట్టిస్తుంది. వ్యాసాల్లో వాళ్లు అన్నదాంతో నాకు పేచీ లేదు, అక్కడ లెక్కలుంటాయి, షరతులుంటాయి. షరతులన్నీ రాలిపోయి మనదాకా వచ్చేసరికి మిగిలే ఒంటి క్రియాపదంతోనే నా గొడవ. ఉప్పు 'ఉన్నట్టుంది' అంటే మన భాషలో ఎంత బావుంటుంది! 'ట్టుంది'లో ఎంత శాస్త్రముందో. దాన్ని వదిలేసి 'కనుగొన్నారు' అంటాం.

రెండో వాదన ఇంకా గట్టిది. ల్యాబులూ టెలిస్కోపులూ చాలితే నౌకలు దేనికి? దానికి ఎన్‌సెలడస్ జవాబు. శని చుట్టూ తిరిగే ఈ చిన్న చందమామని కసీని నౌక మీది వర్ణపటమాపకం ఎంత చూసినా, కొద్దిపాటి ఇతర జాడలు తప్ప, దాదాపు స్వచ్ఛమైన నీటి మంచే కనబడింది. కానీ దాని దక్షిణ ధ్రువం నుంచి ఎగజిమ్మే ఫౌంటెన్లు శని ఈ-వలయాన్ని నింపుతుంటాయి. ఆ రేణువులు కసీని ధూళి పరికరానికి తగిలినప్పుడు వాటిలో సోడియం లవణాలు బయటపడ్డాయి. 2009లో అది ప్రచురణైంది, 2023లో ఫాస్ఫేట్లు కూడా. మా మేనకోడలి మాటల్లో చెప్పాలంటే అక్కడ నిజంగానే నాకి చూశారు. అది దగ్గరికెళితేనే అయ్యే పని. కాంతి ఎంత చెప్పినా, తగలడం వేరు.

2024 అక్టోబర్ 14న బయల్దేరిన నాసా నౌక యూరోపా క్లిప్పర్ 2030 ఏప్రిల్‌లో గురుడిని చేరాలి. యూరోపా పక్కనుంచి 49 సార్లు దూసుకుపోతుంది, ఒక్కోసారి 25 కిలోమీటర్ల ఎత్తుకు దిగుతుంది. చుట్టూ తిరగకుండా వచ్చి పోవడమెందుకంటే, అక్కడ నేల మీద రోజుకి 5.4 సీవర్టుల రేడియేషన్. ఒక్కరోజు నిలబడితే మనిషి బతకడం కష్టం, ఎలక్ట్రానిక్స్‌కీ అంతే. దాని మీది పరారుణ మాపకం మైస్, డయానా బ్లేనీ నాయకత్వంలో తయారైంది. వంద కిలోమీటర్ల ఎత్తు నుంచి దాని ఒక్క చుక్క 25 మీటర్ల నేల. పగులు పగులుగా, పగులు వేరు పక్క మైదానం వేరుగా, గీతలొస్తాయి. నిమ్స్ కలగాపులగంగా వినిపించిన గొంతులు విడివిడిగా వినిపించొచ్చు. అయినా తడిలేని ఉత్త ఉప్పు మైస్‌కి కూడా కనబడదు, ఆ భౌతికశాస్త్రం మారలేదు. ఆ పని కెమెరాల రంగు ఫిల్టర్లదీ, నేల మీంచి లేచే రేణువుల్ని పట్టే సుడా అనే ధూళి పరికరానిదీ. ఆ జట్టుని అలా కూర్చారంటే నిమ్స్ గొడవ ఎవరూ మరిచిపోలేదన్నమాట.

క్లిప్పర్‌కి అయిన ఖర్చు అందరికీ తెలుసు, వందల కోట్ల డాలర్లు. అది పంపే గీతల్ని పోల్చే లైబ్రరీ మాత్రం కొద్దిమంది చలిగదుల్లో ఒక్కో లవణమే కొలుస్తూ కడుతున్నారు. నాసా జెట్ ప్రొపల్షన్ ల్యాబులో మూర్తి గుడిపాటి (ఇంటిపేరు చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది) అలాంటి ల్యాబు నడుపుతారు. వాళ్ల జట్టు లవణాలు కలిపిన మంచుని ఎలక్ట్రాన్లతో కొడితే అది చీకట్లో మెరిసింది. ఎప్సమ్ లవణం (అదే మెగ్నీషియం సల్ఫేట్) కలిపితే మెరుపు పెరిగింది, వంట ఉప్పు కలిపితే తగ్గింది. యూరోపా చీకటి ముఖం కూడా ఇలాగే మెరుస్తుండాలి, ఆ మెరుపు తేడాలతో లవణాన్ని గుర్తుపట్టొచ్చు అని 2020లో రాశారు. ఎండే అక్కర్లేని ఇంకో సాక్షి అన్నమాట. మన దేశంలో అహ్మదాబాద్ ఫిజికల్ రిసెర్చ్ లేబొరేటరీలో కూడా అంతరిక్షపు చలిలో మంచులు పెంచి చూసే ల్యాబుంది. గురుడి దాకా వెళ్లే రాకెట్ మన దగ్గర లేదని చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. గడ్డకట్టే చలిని నిలిపే క్రయోస్టాట్, వాక్యూమ్ పంపు, ఎఫ్‌టీఐఆర్, ఓపిక. ఈ నాలుగింటిలో మూడు మన బల్క్ డ్రగ్ ఊళ్లలో సందుకొకటి ఉన్నాయి. కెమిస్ట్రీ పీజీలు మనకి ఏటా వేలల్లో వస్తున్నారు. యూనివర్సిటీల్లో ఇలాంటిది ఒక్కటి పెట్టినా 2030 నాటికి మన పిల్లల గీతలు ఆ లైబ్రరీలో ఉండేవి. నాకు ఈ విషయంలో కోపమే ఉంది, దాచుకోను.

ఇదంతా మేనకోడలికి చెప్పలేదు, చెబితే నిద్రపోతుంది. మర్నాడు పారేయబోయే ఉత్త కేబీఆర్ బిళ్లనొకటి, మందు కలపనిది, సిలికా జెల్ వేసిన చిన్న సీసాలో పెట్టి తెచ్చాను. కిటికీ దగ్గర నిలబెట్టి బిళ్లలోంచి చూడమన్నాను. ఎదురింటి నీళ్ల ట్యాంకు స్పష్టంగా కనబడింది.

"ఇది ఉప్పా? గాజులా ఉందే."

"ఉప్పుకి చుట్టం. నోట్లో మటుకు పెట్టకు."

ఒక కన్ను మూసి అటూ ఇటూ తిప్పి చూసింది. అరచేతిలో వేసుకుని వాళ్లమ్మకు చూపించడానికి వంటింట్లోకి పరిగెత్తింది. తిరిగొచ్చేసరికి బిళ్ల పాలరంగు తిరిగిపోయింది, అంచు కాస్త అరచేతికి అంటుకుంది.

"అయ్యో, పాడైపోయింది మామయ్యా. ఇప్పుడు మీ మెషీన్‌లో పెడితే ఏం కనబడుతుంది?"

"నీ చెమట."